పద్యం, ఫోను, తరగతి గది: మిశ్రమ బోధనపై ఒక తెలుగు అధ్యాపకుడి అభిప్రాయం మారిన తీరు

2020 సెప్టెంబరులో నా బోధన డైరీలో ఒక రోజు కింద ఒకే వాక్యం ఉంది: "ఇవాళ గంటసేపు గోడకు పాఠం చెప్పాను." రెండేళ్ల తర్వాత, 2022 నవంబరులో, అదే డైరీలో ఇంకో వాక్యం: "వాయిస్ మెసేజులు లేకుండా ఇకమీద పద్యభాగం మొదలుపెట్టను." రాసింది ఒకే మనిషి. మధ్యలో అతని అభిప్రాయం తలకిందులైంది. ఎందుకు, ఏ క్రమంలో, ఎంతవరకు అన్నది పరిశీలించడమే ఈ వ్యాసం పని. ఆన్‌లైన్ బోధన మంచిదా చెడ్డదా అని మొత్తంగా అడిగితే జవాబు చిక్కదు. ఏ పాఠమో చెప్పి అడగాలి. ఇక్కడ పాఠం తెలుగు పద్యం.

నేను పాలమూరు ప్రాంతంలోని ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో పద్దెనిమిదేళ్లుగా తెలుగు చెబుతున్నాను. బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ. విద్యార్థులకు తెలుగు ద్వితీయ భాష. కొంత ప్రాచీన పద్యం, కొంత ఆధునిక కవిత్వం, ఒక కథ, చివర ఛందస్సు, అలంకారాలు. చాలామంది దీన్ని గట్టెక్కాల్సిన పేపరుగానే చూస్తారు. ఈ అధ్యయనానికి ఆధారాలు నా డైరీ, తరగతి వాట్సాప్ గ్రూపుల్లోని సంభాషణలు, హాజరు పట్టీలు, విద్యార్థులతో ఆ తర్వాత మాట్లాడి రాసుకున్న నోట్సు. స్వీయ బోధనాధ్యయనంలో ఒక చిక్కుంది: కక్షిదారూ న్యాయమూర్తీ ఒకడే. అభిప్రాయం మార్చుకున్నవాడు ఆ కథ తనకు అనుకూలంగా చెప్పుకోవడం సహజం. అందుకే డైరీలో నన్ను చిన్నబుచ్చే పుటలనే ఎక్కువగా తీసుకున్నాను. విద్యార్థుల పేర్లు ఇవ్వలేదు.

అభిప్రాయం ఎలా మారుతుందన్న విషయంలో థామస్ గస్కీ 1986లో ప్రతిపాదించి 2002లో విస్తరించిన నమూనా నాకు పనికొచ్చింది. ఉపాధ్యాయుడికి శిక్షణ ఇస్తే అతని నమ్మకం మారుతుంది, నమ్మకం మారితే బోధన మారుతుంది అని మన శిక్షణ తరగతులన్నీ అనుకుంటాయి. గస్కీ ఈ వరసను తిరగేశాడు. ముందు బోధనలో ఒక మార్పు జరుగుతుంది. దానివల్ల విద్యార్థుల్లో కంటికి కనబడే ఫలితం వస్తుంది. నమ్మకం మారేది ఆ తర్వాతే. నేను హాజరైన ఓరియంటేషన్, రిఫ్రెషర్ కోర్సుల్లో సాంకేతికత గురించి విన్న ఉపన్యాసాలేవీ నన్ను ఎందుకు కదపలేదో ఈ నమూనా చదివాక అర్థమైంది. నన్ను కదిపింది ఒక ముసలాయన గొంతు. దాని సంగతి తర్వాత.

ఆదివారం తరగతులు

ఆన్‌లైన్ బోధన మీద నాకు మొదట ఉన్న చులకన ఎక్కడ పుట్టిందో వెతికితే, అది ఫోన్ల కాలం కంటే చాలా ముందుది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా కళాశాలలోనే ఉన్న సార్వత్రిక విశ్వవిద్యాలయ అధ్యయన కేంద్రంలో ఆదివారాలు కౌన్సెలర్‌గా వెళ్లేవాణ్ని. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన దగ్గరే, 1982లో హైదరాబాదులో, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా పుట్టింది. 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టుకుంది. దాని తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి ఉపకులపతి ఆయనే. ఇంటికి వచ్చే పుస్తకాలు, రేడియో పాఠాలు, ఆదివారం ముఖాముఖి తరగతులు: మిశ్రమ బోధన అని ఇవాళ అంటున్నదానికి కావలసిన సరుకులన్నీ అందులో అప్పటికే ఉన్నాయి.

ఆ ఆదివారాల్లో వచ్చేవాళ్లు ఆర్టీసీ కండక్టర్లు, అంగన్‌వాడీ టీచర్లు, పెళ్లయ్యాక చదువు ఆగిపోయిన ఆడవాళ్లు. పుస్తకం చదువుకుని వచ్చేవాళ్లు. వాళ్లకు కావలసింది పాఠం కాదు, పాఠం మీద నాలుగు సందేహాలు తీరడం. ఆ సంగతి అప్పుడు నా తలకెక్కలేదు. పుస్తకంలో ఉన్న పాఠాన్నే బల్ల ముందు నిలబడి మళ్లీ మొదటినుంచి చెప్పేవాణ్ని. ఒక కండక్టరుగారు ఒకసారి, "సార్, ఇది బుక్కుల ఉన్నది కద, నేను చదివిన. లేనిది చెప్పుండ్రి" అన్నాడు. నాకు కోపం వచ్చింది. దూరవిద్య అంటే పూర్తి చదువుకు నోచుకోనివాళ్లు చేసుకునే సర్దుబాటు అని నా మనసులో ఉండేది. ఆయన అడిగినదాన్నే ఇప్పుడు తిప్పిన తరగతి అంటున్నారు. అమెరికాలోని కొలరాడోలో ఇద్దరు రసాయన శాస్త్ర ఉపాధ్యాయులు, బెర్గ్‌మన్, శామ్స్, 2007లో పాఠాల్ని వీడియోలు తీసి ఇంటికి పంపి తరగతి సమయాన్ని లెక్కలకూ సందేహాలకూ అట్టిపెట్టిన పద్ధతి అది. పాలమూరు కండక్టరు తన పేరు ఎక్కడా రాయించుకోలేదు.

తెర మీద పాఠం కూడా మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు నాసా ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో సైట్ అనే టీవీ బోధన ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు వెళ్లాయి, అందులో బడిపిల్లలకు ఉదయం పాఠాలూ ఉన్నాయి. ఆ తర్వాత ఎడ్యుశాట్, మన టీవీ, 2017 నుంచి తెలంగాణలో టీ-శాట్. లారీ క్యూబన్ 1986లో రాసిన పుస్తకంలో సినిమా, రేడియో, టీవీ ఒక్కొక్కటి తరగతి గదిలోకి ఎంత ఆర్భాటంగా వచ్చి, కొన్నాళ్లకు ఎలా మూల చేరాయో చూపించాడు. మా కళాశాలలోనూ ఒక టీవీ ఉండేది. బీరువాలో, గుడ్డ కప్పి, తాళం వేసి. తాళంచెవి పదవీ విరమణ చేసిన ఉద్యోగితో వెళ్లిపోయిందని చెప్పుకునేవాళ్లం.

కాబట్టి 2020కి ముందు నా అభిప్రాయం అజ్ఞానంవల్ల పుట్టింది అనడానికి వీల్లేదు. మూలనపడ్డ యంత్రాల్ని చూసిన కళ్లతో ఏర్పడింది. కాకపోతే ఆదివారం తరగతిలో కళ్లముందే జరిగినదాన్ని ఆ కళ్లు చూడలేదు.

గోడ

2020 మార్చి 16 నుంచి తెలంగాణలో విద్యాసంస్థలు మూతపడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబరులో డిజిటల్ తరగతులు మొదలయ్యాయి. చిన్న తరగతులకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్, మాకు ఫోను. నేను ఇంట్లో బీరువా పక్కన కుర్చీ వేసుకుని, పుస్తకాల దొంతర మీద ఫోను నిలబెట్టి మొదలుపెట్టాను. అరవై మందికి పైగా ఉన్న తరగతిలో మొదటి రోజు సగం మందికి తక్కువే కనిపించారు. కనిపించారు అనడం కూడా తప్పే. పేర్ల మొదటి అక్షరాలు గుండ్రటి చక్రాల్లో కనిపించాయి. వారం తిరిగేసరికి ఆ చక్రాలూ పలచబడ్డాయి.

కారణాలు వెతకడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. జాతీయ గణాంక కార్యాలయం 2017-18లో చేసిన 75వ విడత సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటరున్నవి 4.4 శాతం, ఇంట్లో ఇంటర్నెట్ సౌకర్యమున్నవి 14.9 శాతం. మా విద్యార్థుల్లో కొందరిది కీప్యాడ్ జియో ఫోను, కొందరికి అన్నదో నాన్నదో ఫోను. అక్టోబరులో పత్తి ఏరే రోజులు వచ్చాయి. ఒకబ్బాయి చేనులోంచే చెవిలో పెట్టుకుని వింటున్నానని చెప్పాడు. పక్కవాళ్ల మాటలు, గాలి హోరు వినిపించేవి. అతణ్ని మ్యూట్ చేయమన్నాను. డైరీలో ఇది రాసుకోలేదు, అతనే మూడేళ్ల తర్వాత గుర్తుచేశాడు.

నన్ను ఎక్కువ దెబ్బ తీసింది హాజరు కాదు. పద్యం. మా తరగతిలో పద్యం నేర్పే పద్ధతి పాతది: నేను ఒక పాదం చదువుతాను, తరగతి మొత్తం ఒక్క గొంతుతో తిరిగి చదువుతుంది. వీధిబడి నాటి వల్లెవేత అది, దాన్ని వెక్కిరించేవాళ్లకు దాని లోపలి సదుపాయం తెలియదు. సిగ్గరి పిల్ల ఆ గుంపు గొంతులో దాక్కుని తప్పుగా పలికి, పక్కవాళ్లను విని, రెండోసారికి దిద్దుకుంటుంది. ఎవరూ చూడరు. ఫోనులో ఇది అసాధ్యం. ఒక్కొక్కరి శబ్దం ఒక్కో ఆలస్యంతో వస్తుంది; యాప్ గట్టిగా ఉన్న గొంతునే పట్టుకుని మిగిలినవాటిని అణిచేస్తుంది. ఉత్పలమాల మొదటి పాదం అందరినీ కలిసి చదవమన్నాను. చెరువు గట్టున కప్పలు అరిచినట్టయింది. తర్వాత అందరూ మ్యూట్. "గోడకు పాఠం" అన్న వాక్యం ఆ రోజుది.

ఆ 2020 మార్చిలోనే చార్లెస్ హాడ్జెస్, ఆయన సహచరులు ఒక తేడా చెప్పారు: ముందుగా ఆలోచించి రూపొందించిన ఆన్‌లైన్ బోధన వేరు, విపత్తులో చేతికందినదానితో చేసే దూరబోధన వేరు. ఈ తేడా తర్వాత చదివాను. చదివినప్పుడు మొదట కలిగింది ఊరట. తప్పు నాది కాదన్నమాట. రెండోసారి చదివితే ఆ ఊరట అంత న్యాయంగా అనిపించలేదు. నేను తరగతి గదిలోనూ ముందుగా పెద్దగా ఆలోచించి రూపొందించిందేమీ లేదు. ఏళ్లనాటి అలవాటు నడిపించేది. గది పోగానే అలవాటు ఒక్కటే మిగిలి, దాని డొల్లతనం బయటపడింది.

తాత గొంతు

మార్పు ఒక అసహాయతలోంచి వచ్చింది. కలిసి చదివించలేక, పద్యాన్ని నేనే చదివి రికార్డు చేసి గ్రూపులో పెట్టాను: "విని, మీరు చదివి నాకు విడిగా పంపండి" అని. లైవ్ క్లాసుకు నెట్ చాలనివాళ్లకూ వాయిస్ మెసేజ్ దిగుతుంది. రాత్రి సిగ్నల్ ఉన్నప్పుడు వినొచ్చు, ఆగి వినొచ్చు. మొదట ఐదారుగురు పంపారు. నెల తిరిగేసరికి తరగతికి రానివాళ్లు కూడా పంపడం మొదలుపెట్టారు.

ఒక లెక్క చెప్పాలి. అరవై మంది, ఒక్కొక్కరికి ఒక నిమిషం. తరగతి పీరియడు యాభై నిమిషాలు. అంటే ఉద్యోగంలో చేరిననాటి నుంచి నేను ఏ తరగతిలోనూ ప్రతి విద్యార్థి విడిగా ఒక పద్యం చదవగా వినలేదు. ముందు బెంచీల పది మందిని విని తరగతి బాగా చదువుతోందనుకున్నాను. 2020 డిసెంబరులో మొదటిసారి చివరి బెంచీ గొంతులు విన్నాను, అదీ చివరి బెంచీ అనేదే లేని చోట. మైకేల్ మూర్ చెప్పే బోధనా దూరం అన్న భావన నాకు అప్పుడు అర్థమైంది. ఆయన లెక్కలో దూరం కిలోమీటర్లది కాదు. పాఠం ఎంత బిగుసుకుని ఉంది, గురుశిష్యుల మధ్య సంభాషణకు ఎంత చోటుంది అన్నవాటిని బట్టి అది పెరుగుతుంది, తరుగుతుంది. ఆ లెక్కన నా గదిలో నాలుగో వరస వెనక ఎప్పటినుంచో దూరవిద్యే నడుస్తోంది, హాజరు పట్టీలో మాత్రం ముఖాముఖి అని రాసి ఉంది.

ఆ గొంతుల్లో ఏం విన్నాను? మొదట తప్పులే విన్నాను: శ, ష, స కలగలిసిపోవడం, మహాప్రాణాలు జారిపోవడం, సమాసాన్ని నడుమ విరగ్గొట్టడం. ఎర్ర సిరా బుద్ధి. దిద్దుతూ తిరిగి పంపేవాణ్ని. ఒకమ్మాయి పంపిన మెసేజులో ఆమె చదువుతుండగా వెనకనుంచి ఒక ముసలి గొంతు, "అట్ల గాదు బిడ్డా, ఆడ ఆగాలె" అని, తనే రాగం తీసి పాదం అందుకుంది. ఆమె తాత. ఊళ్లో భజన బృందంలో హార్మోనియం వాయించేవాడట, చిన్నప్పుడు నాటకాల్లో పద్యాలు పాడేవాడట. ఆ అమ్మాయి సిగ్గుపడి, "సారీ సార్, మళ్ల పంపుత" అని రాసింది. వద్దన్నాను. అనుమతి అడిగి ఆ మెసేజును గ్రూపులో పెట్టాను.

అక్కడినుంచి జరిగింది నా పాఠ్య ప్రణాళికలో లేదు. తాత ఆగిన చోటు యతిస్థానం కాదు. ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు, యతి పదో అక్షరం. ఆయన అంతకు ముందే, మాట ముగిసిన దగ్గర ఆగి రాగం సాగదీశాడు. ఒక కుర్రాడు గ్రూపులో అడిగాడు: "సార్, యతి అంటే ఆగడం అని గైడులో ఉంది. తాత తప్పు ఆగాడా?" నేనెన్నో ఏళ్లుగా పరీక్ష కోసం చెప్పి వదిలేసిన విషయం ఇది. సంస్కృత ఛందస్సులో యతి అంటే విరామం, పదం అక్కడ విరగాలి. తెలుగులో యతి అంటే అక్షరమైత్రి. పాదంలో మొదటి అక్షరానికీ యతిస్థానంలోని అక్షరానికీ ధ్వని కుదరాలి. అక్కడ ఆగాలన్న నియమం లేదు, మాట మధ్యలో పడినా సరే. పాడేవాడు ఆగేది అర్థం కోసం, ఊపిరి కోసం, రాగం కోసం. గైడులు రెంటినీ కలిపేశాయి. ఆ వారం నలుగురైదుగురు తమ ఊళ్లలో యక్షగానం ఆడేవాళ్ల దగ్గరికి, భజన గుళ్లలోకి వెళ్లి పద్యాలు రికార్డు చేసుకొచ్చారు. మత్తేభంలో పద్నాలుగో అక్షరం, శార్దూలంలో పదమూడో అక్షరం, చంపకమాలలో పదకొండోది: వేళ్ల మీద లెక్కపెట్టి, పాడినవాళ్లు అక్కడ ఆగారో లేదో చూశారు. ఛందస్సు పాఠంలో ఒక పరీక్షించదగిన ప్రశ్న ఉంటుందని నాకూ అప్పుడే తెలిసింది.

గస్కీ చెప్పిన కనబడే ఫలితం నాకు ఇదే. నమ్మకం ఆ తర్వాత మెల్లగా వచ్చింది.

ఇంకో సంగతి కూడా ఆ గొంతుల వల్లే మారింది. "ళ"ను "ల"గా పలికినప్పుడల్లా దిద్దడం మానేశాను. పద్యంలో ప్రాస చెడే చోట మాత్రం చెబుతాను. తాతగారి యాసలో పద్యం చెడలేదు మరి.

ఫోను ఒక్కటే ఉన్న చోట ముగ్గురు నలుగురు కలిసి వేపచెట్టు కింద కూర్చునేవారు. ముందుగా నేర్చినవాడు మిగిలినవాళ్లకు చెప్పి, అందరివీ ఒకే ఫోనునుంచి పంపేవాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో ఆ జిల్లా దేశీయ పాఠశాలల గురించి రాసిన నివేదికలో మెచ్చుకున్న పద్ధతి ఇదే: పెద్ద చదువు పిల్లలు చిన్నవాళ్లకు నేర్పడం, అదీ తక్కువ ఖర్చుతో. తెలుగు వ్యాకరణం రాసిన క్యాంప్‌బెల్ కూడా ఈయనే. అంతకు ముందే ఆండ్రూ బెల్ మద్రాసులో ఈ తరహా బోధనను నడిపి, దాన్ని ఇంగ్లండుకు తీసుకుపోయి మద్రాసు విధానమని పేరు పెట్టాడు. తరగతి గది నేనొక్కణ్నే చెప్పే చోటుగా మారేసరికి ఈ అలవాటుకు చోటు పోయింది. గది లేని ఏడాది అది తిరిగొచ్చింది.

అతి అయిన సంవత్సరం

కొత్తగా మతం పుచ్చుకున్నవాడికి నామాలు పెద్దవి. 2021-22లో నేను తెలుగు సిలబస్ మొత్తాన్ని వీడియోలు చేయాలని కూర్చున్నాను. ఒక్కోటి నలభై, యాభై నిమిషాలు. వెనక సరస్వతి బొమ్మ, ముందు రింగ్ లైటు. ఆదివారం కండక్టరుగారికి చేసిన తప్పునే మళ్లీ చేస్తున్నానని తోచలేదు: పుస్తకంలో ఉన్న పాఠాన్ని ఈసారి తెరమీద మొదటినుంచి చెబుతున్నాను. పిల్లలు చూడలేదు. చూసినవాళ్లు మొదటి కొద్ది నిమిషాలు చూశారు.

ఫిలిప్ గువో బృందం 2014లో ఎడెక్స్ కోర్సుల్లో 69 లక్షల వీడియో వీక్షణలను విశ్లేషించి, ఎంత నిడివి వీడియో అయినా మధ్యస్థ వీక్షణ ఆరు నిమిషాలకు మించదని తేల్చింది. హార్వర్డ్, ఎంఐటీ సంస్థల ఉచిత ఆన్‌లైన్ కోర్సుల మీద జస్టిన్ రైష్, రుయిపెరెజ్ వాలియెంటే 2019లో ప్రచురించిన అధ్యయనంలో, 2017-18లో చేరినవాళ్లలో కోర్సు పూర్తిచేసినవాళ్లు 3.13 శాతం. ప్రపంచంలోకెల్లా పేరున్న ఆచార్యుల పాఠాలకే ఆ గతి పట్టినప్పుడు నా రింగ్ లైటు ఎంత.

రిచర్డ్ క్లార్క్ 1983లో చెప్పిన మాట దగ్గర ఇక్కడ ఆగాలి. మాధ్యమాలు సరుకు లారీల వంటివి, లారీ వల్ల మన ఒంటికి పోషణ పెరగదు. పెరిగేది సరుకువల్ల అని ఆయన వాదన. కోజ్మా వంటివారు దీన్ని గట్టిగా ఖండించారు. నా అనుభవంలో క్లార్క్ సగం సరి. నా వీడియోల విషయంలో ఆయన మాట అక్షరాలా నిజం: చప్ప పాఠం ఏ లారీలో పంపినా చప్పనే. వాయిస్ మెసేజు మాత్రం ఉత్త లారీ కాదు. రాసిన కాగితం మోయలేని దాన్ని, కిక్కిరిసిన గది వినలేని దాన్ని అది మోసింది. పైగా రెండువైపులా నడిచింది. అమెరికా విద్యాశాఖ 2010లో వెలువరించిన సమగ్ర విశ్లేషణలో ముఖాముఖి, ఆన్‌లైన్ కలిపిన బోధన మెరుగైన ఫలితాలిచ్చిందని తేలింది. దాన్ని తరచు ఉదహరిస్తారు. అదే నివేదికలో ఇంకో హెచ్చరిక ఉంది: కలిపి బోధించిన చోట అభ్యాస సమయమూ సామగ్రీ కూడా అదనంగా ఉన్నాయి కాబట్టి ఫలితాన్ని మాధ్యమానికే కట్టబెట్టలేం. మన సెమినార్లలో ఈ రెండో వాక్యం ఎప్పుడూ వినపడదు.

నలభై శాతం దేనిలో?

2020 జులైలో ఆమోదం పొందిన జాతీయ విద్యా విధానం ఆన్‌లైన్, డిజిటల్ విద్యకు ఒక అధ్యాయమే కేటాయించింది. 2021 మే నెలలో యూజీసీ మిశ్రమ బోధన మీద భావపత్రం విడుదల చేసి, కోర్సులో 40 శాతం వరకు ఆన్‌లైన్‌లో చెప్పవచ్చంది. స్వయం అనే జాతీయ వేదిక మీది ఆన్‌లైన్ కోర్సుల క్రెడిట్ల పరిమితి కూడా 2016లో 20 శాతం ఉన్నది 2021లో 40 అయింది. శాతాలు పరిపాలనకు అవసరమే. కానీ ఈ 40 దేనిలో 40? గణవిభజన తీసుకోండి. గురువు, లఘువు గుర్తించడం, "యమాతారాజభానసలగం" పట్టుకుని గణాలు విడదీయడం సాధనతో వచ్చే పని. ఎవరి వేగం వాళ్లది. ఐదు నిమిషాల వీడియో ఆపి ఆపి చూస్తూ, వెంటనే సమాధానం చెప్పే చిన్న క్విజ్‌తో ఇది దాదాపు మొత్తం ఫోనులోనే నేర్చుకోవచ్చు. పద్య పఠనానికి ముందు ఫోను, తర్వాత గది, మళ్లీ ఫోను కావాలి. ఇక ఒక వచన కవిత మీద చర్చ, ముఖ్యంగా కులం మీదో ఆడవాళ్ల బతుకు మీదో రాసిన కవిత అయితే, దానికి నేను ఫోను వాడను. ఆ చర్చలో ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరి ముఖం మారుతుంది. ఆ మార్పును గమనించి మాట తిప్పడమో, ఆపడమో, కావాలనే ఇంకాస్త లాగడమో చేయాలి. పైగా ఫోనులో అన్న మాట స్క్రీన్ షాట్ అయి ఊళ్లో తిరుగుతుంది. ఒకసారి తిరిగింది. ఆ అమ్మాయి వారం రోజులు కళాశాలకు రాలేదు.

అంటే ఒకే పేపరులో ఒక యూనిట్‌కు తొంభై, ఇంకో యూనిట్‌కు సున్న. సగటు తీస్తే నలభై రావచ్చు. ఆ సగటు ఏ యూనిట్‌కూ వర్తించదు.

ఆడపిల్లల ఫోను సంగతి వేరే చెప్పాలి. గ్రామీణ బడిపిల్లల మీద దేశవ్యాప్తంగా జరిగే అసర్ సర్వేలో, 2021 నాటికి 67.6 శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోను ఉంది. ఉన్న ఇళ్లలో కూడా 26.1 శాతం పిల్లలకు అది చదువుకు అందదు. ఆ పిల్లలే నాలుగేళ్లలో నా తరగతికి వస్తారు. డిగ్రీ ఆడపిల్లల దగ్గర నేను చూసింది ఇంకొంచెం చిక్కైన పరిస్థితి: ఫోను అన్నది, లాక్ అన్నది. వాయిస్ మెసేజ్ పంపితే అన్న వింటాడు. ఇద్దరు ముగ్గురు ఈ కారణంతోనే పంపలేదు. నాలుగు నెలల తర్వాత, తరగతులు తెరిచాక చెప్పారు. ఫోను అందరి గొంతూ వినిపించిందని పైన రాశాను. ఆ అందరిలో వీళ్లు లేరు. ఇప్పుడు కళాశాలలోనే గ్రంథాలయం పక్క గదిలో కళాశాల ఫోనులో రికార్డు చేసుకునే ఏర్పాటు ఉంది. మధ్యాహ్నం భోజనాల వేళ అక్కడ క్యూ ఉంటుంది.

వినే గంటలు

ఈ పద్ధతికి ఒక ఖర్చుంది. అరవై మెసేజులు విని ఒక్కొక్కరికి ఒక మాట చెప్పాలంటే గంటన్నర నుంచి రెండు గంటలు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్‌కు 14 గంటలు నేరుగా బోధన. ఈ వినే గంటలు అందులో పడవు. బెంజమిన్ బ్లూమ్ 1984లో, విడిగా ఒక్కొక్కరికి బోధిస్తే సగటు విద్యార్థి మామూలు తరగతిలోని అత్యుత్తములతో సమానమవుతాడని చూపించి, ఆ ఫలితాన్ని సామూహిక బోధనలో సాధించడం ఎలా అని సవాలు విసిరాడు. ఆయన చూపిన ఫలితం అంత పెద్దది కాదని తర్వాతివాళ్లు వాదించారు. నాకు సంబంధించినంతవరకు సవాలు ఇంకా సరళమైనది: రాత్రి పదింటికి నలభై ఏడో గొంతును, మొదటి గొంతును విన్న ఓపికతో వినగలనా? చాలా రాత్రుల్లో వినలేదు. బొటనవేలు గుర్తు పెట్టి వదిలేశాను. ఎవరిని అలా వదిలేశానో డైరీలో రాసుకోవడం 2023లో మొదలుపెట్టాను. వదిలేసినవాళ్లలో ఎక్కువమంది పాత చివరి బెంచీవాళ్లే. గది మారినా నా చెవి మారలేదు. అప్పటినుంచి మెసేజులు వచ్చిన వరసలో కాకుండా హాజరు పట్టీ కిందినుంచి పైకి, మరుసటి వారం మధ్యనుంచి మొదలుపెట్టి వింటున్నాను.

ఈ అధ్యయనానికి పరిధి చిన్నది. ఒక కళాశాల, ఒక సబ్జెక్టు, ఒక అధ్యాపకుడు. పోల్చడానికి వేరే తరగతి లేదు. పద్యం బాగా చదివినవాళ్లు పరీక్ష బాగా రాశారా అన్నదానికి నా దగ్గర నమ్మదగిన ఆధారం లేదు, ఉండే అవకాశమూ తక్కువ. ఎందుకంటే సెమిస్టర్ పరీక్ష కాగితం మీద జరుగుతుంది. ప్రతిపదార్థం రాయమంటారు, గణవిభజన చేయమంటారు, యతిస్థానం అడుగుతారు. పద్యం చదివి వినిపించమని అడగరు. అంతర్గత మూల్యాంకనంలో పఠనానికి కొన్ని మార్కులు ఇవ్వాలని పాఠ్యప్రణాళిక సమావేశంలో ప్రతిపాదించాను. రుజువులు ఏం చూపిస్తారు, రేపు ఎవరైనా అడిగితే ఫైలులో ఏం పెడతారు అన్నారు. ఫోను తీసి బల్ల మీద పెట్టాను. తాతగారి మెసేజు వినిపించాను. అందరూ బాగుందన్నారు. తర్వాతి అంశానికి వెళ్లారు.